మంద కుక్కల మీద అపోహలు – వాస్తవాలు: వానాకాలం కాపరి మాట

మాది పాలమూరు వైపు. తాత, నాయిన, ఇప్పుడు నేను, అందరం జీవాల వెంట తిరిగినవాళ్లమే. నా మందలో నూట ఎనభై గొర్రెలు, మూడు కుక్కలు. ఈ మధ్య ఫోన్లు ఎక్కువయ్యాయి, అడిగేది మాత్రం గొర్రెల గురించి కాదు, కుక్కల గురించి. అందరికీ అదే పాట పాడలేక ఇక్కడ రాసేస్తున్నాను. ఎండాకాలం ముచ్చట పక్కన పెడతాను, ఎండలో చెట్టు కింద పడుకున్న ప్రతి కుక్కా మంచి కుక్కలాగే కనిపిస్తుంది. ఏది ఎంతటిదో తొలకరి నుంచి తుఫాన్ల దాకా తెలుస్తుంది.

అపోహ: గొర్రెల కుక్క అంటే బార్డర్ కోలీ, అది ఉంటే కాపరి కూడా అక్కర్లేదు

“అన్నా, ఒక కోలీ పిల్లను ఇప్పిస్తావా, ఎంతైనా సరే” అని వారానికి ఒకరైనా అడుగుతారు. యూట్యూబ్ మహిమ.

గొప్ప కుక్కే, కాదనను. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో తయారైన జాతి. 1873లోనే వేల్స్‌లోని బాలా ఊళ్లో గొర్రెల కుక్కలకు పోటీలు పెట్టారు, 1906లో వాటికోసం అంతర్జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు. ఇప్పటి కోలీల వంశాలు వెనక్కి పట్టుకుపోతే చాలామటుకు 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే ఒక్క కుక్క దగ్గరికి చేరతాయట. కానీ అక్కడ గొర్రెలు కాపరి లేకుండానే కొండల మీద మేస్తుంటాయి, ఉన్ని కత్తిరించాలన్నా మందు తాపాలన్నా వాటిని పోగుచేసి కిందికి తేవాలి. తోడేళ్లు ఆ దేశంలో ఎప్పుడో అంతరించాయి. అందుకని అక్కడ కుక్క పని గొర్రెను మళ్లేయడం, దూరం నుంచి చుట్టు తిరిగొచ్చి, నేలకు వంగి, కళ్లార్పకుండా చూస్తూ జరపడం.

మన గొర్రె కాపరి వెనక నడుస్తుంది. నేను నోటితో ఒక కూత వేస్తే మంద లేచి వస్తుంది. మనకు కావలసింది కాపలా: తోడేలు, పిల్లలను ఎత్తుకుపోయే నక్క, ఊరి కుక్కల గుంపు, రాత్రి బండేసుకుని వచ్చే దొంగ. మా బంధువు ఒకతను మోజుపడి కోలీని తెచ్చాడు. మందను మళ్లేసే పని దానికి ఎవరూ చెప్పలేదు, అదే వెతుక్కుంది, చూలు గొర్రెలను రోజంతా చుట్టుముట్టి ఉరికించింది, రెండు ఈచుకుపోయాయి, కడుపులో పిల్లలు పోయాయి. చివరికి పట్నంలో ఎవరికో ఇచ్చేశాడు. కుక్క తప్పు ఏముంది అందులో? మన ఊళ్లల్లో పుట్టిన, మందలోనే కళ్లు తెరిచిన నాటు కుక్క మన పనికి సరిపోతుంది, చూసేవాళ్లకు అందంగా కనపడదు అంతే.

అపోహ: వానకు కుక్కకేం కాదు, దాని ఒంటి మీద వెంట్రుకలు లేవా

నాకు బాగా మండేది ఈ మాటకే. మనం గొంగడి కొప్పెర వేసుకుని నిలబడి, కుక్కను మాత్రం దాని ఖర్మానికి వదిలేస్తాం. చలిదేశాల కుక్కలకు పైన గరుకు వెంట్రుక, అడుగున దూదిలాంటి మెత్తటి పొర ఉంటాయి, నీళ్లు చర్మం దాకా అంత తొందరగా దిగవు. మన నాటు కుక్కలకు చాలావాటికి ఉన్నది ఒక్క పలచటి పొరే. వాన ఒక్కటే అయితే తట్టుకుంటుంది, వానతో పాటు గాలి తగిలిందా, ఒంట్లో వేడి పోతుంది. మూడు రోజుల ముసురులో రాత్రంతా దొడ్డి చుట్టూ తిరిగిన కుక్క నాలుగో రోజు పొద్దున లేవకపోతే దానికి ఒళ్లు బరువెక్కిందని తిడతారు. అది ఒళ్లు బరువు కాదు, ఆకలి, చలి.

నేను చేసేది పెద్ద విద్య కాదు. ముసురు పట్టిన రోజుల్లో జొన్న గట్క మామూలు కంటే సగం ఎక్కువ పెడతాను, గోరువెచ్చగా, అందులో మజ్జిగ బదులు పాలు, దొరికితే గుడ్డు. మంద కట్టేటప్పుడు వల పాతే చోటు మిట్ట మీద చూసుకుంటాను, గాలి వచ్చే వైపు ఒక పట్టా కట్టి దాని కింద ఎండు గడ్డి పరుస్తాను. కుక్కలు వంతులవారీగా పడుకుంటాయి, ఎవరూ నేర్పకుండానే. రాణి లేస్తే నల్లోడు పడుకుంటాడు.

కాళ్లు రోజూ చూడాలి, ఇది మాత్రం మానొద్దు. నల్లరేగడిలో నడిస్తే వేళ్ల మధ్య మన్ను ఉండకట్టి ఎండాక రాయిలా అవుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. తడికి అరికాళ్లు మెత్తబడ్డప్పుడే సర్కారు తుమ్మ ముల్లు సులువుగా దిగుతుంది. ఆ చిన్న గాయం మీద ఈగ వాలితే, రెండు మూడు రోజుల్లో పురుగులు. పోయినేడు నల్లోడి కాలికి అలాగే అయ్యింది, కుంటుతుంటే ముల్లే కదా అని రెండు రోజులు పట్టించుకోలేదు, తర్వాత నెల రోజులు వాడు బండి మీదే ప్రయాణం. తప్పు నాది. ఇప్పుడు సాయంత్రం మంద కట్టాక మొదటి పని ఉప్పునీళ్లతో కాళ్లు కడిగి తుడవడమే.

ఇంకొకటి, కోతలయ్యాక డెల్టా వరి మళ్లల్లోకి మందలు తోలుకుపోయేవాళ్లకు: మడుల్లో నిలిచిన నీళ్లల్లో ఎలుకల మూత్రం కలుస్తుంది, దాని నుంచి కుక్కలకు లెప్టో జ్వరం వస్తుంది, కామెర్లలా కళ్లు పచ్చబడతాయి, మనకూ అంటుకుంటుంది. కుక్కలకు వేసే కలిపిన టీకాల్లో కొన్నిటిలో దీనిది కూడా ఉంటుంది, వేసేముందు డాక్టరును అడిగి మరీ వేయించండి, ఏడాదికోసారి మళ్లీ వేయించాలి.

అపోహ: గాలివానలో కూడా ఈల వేస్తే వినాలి, వినకపోతే కుక్క మొండిది

వానలో గాలికి ఎదురుగా నిలబడి మీరే మీ తమ్ముణ్ని పిలిచి చూడండి. గొర్రెలేమో వాన కొడితే గాలికి వీపు తిప్పి, తల దించుకుని గాలి వాలుకే జరుగుతూ పోతాయి, కాపరికీ మందకూ దూరం పెరుగుతుంది. అందుకే నేను పిల్లప్పటి నుంచి మాటతో పాటు చేతి సైగ కూడా అలవాటు చేస్తాను. గొంగడి అంచు పైకెత్తి ఊపితే రావాలి, కర్ర అడ్డం పట్టుకుంటే ఆగాలి. తిండి పెట్టే ముందు రోజూ ఇదే ఆట. ఉరుములకు భయపడే పిల్లను కొట్టకూడదు, అలాగని ఎత్తుకుని ముద్దు చేయడం కూడా నేను చేయను, పెద్ద కుక్క పక్కన వదిలేసి నా పని నేను చేసుకుంటాను. అది కదలకుండా నిలబడితే ఇదీ నిలబడుతుంది.

అపోహ: పస్తు పెట్టి, కారం తినిపించి, కట్టేస్తే కుక్క పౌరుషంగా తయారవుతుంది

కడుపు మండుతున్న కుక్క దొంగను కాదు, మీ గొర్రెపిల్లను చూస్తుంది. కట్టేసిన కుక్కకు మంద తనదని ఎప్పటికీ తెలియదు. మూడో వారం నుంచి మూడు నెలల లోపు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లే దాని వాళ్లు, ఆ రోజుల్లో దొడ్డిలో గొర్రెపిల్లల పక్కన పడుకోబెట్టండి, చాలు. పౌరుషం అదే వస్తుంది, ఏడాదిన్నర, రెండేళ్లకు. అందాకా ఓపిక పట్టాలి, ఎందుకంటే ఆరు నెలలు దాటాక ప్రతిదీ గొర్రెపిల్లల తోకలు లాగుతుంది, ఉరికిస్తుంది. దానికి రక్తం రుచి తగిలింది, ఇక పనికిరాదు అని ఆ వయసులోనే తరిమేసినవాళ్లను చాలామందిని చూశాను. అది ఆటే. గట్టిగా అరిచి ఆపండి, తలతో కుమ్మే ముసలి గొర్రె ఉన్న వైపు వదలండి, మిగతాది ఆ గొర్రె చూసుకుంటుంది.

అపోహ: చచ్చిన గొర్రె తలకాయ కుక్కకే పడేయాలి, దానికీ బలం వస్తుంది

దీన్ని మా నాయిన కూడా నమ్మేవాడు. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గిరగిరా ఒకే వైపు తిరిగి తిరిగి పడిపోతుంది చూడండి, ఆ జబ్బు మందలోకి వచ్చేది కుక్క కడుపులోని బద్దెపురుగు వల్ల. జబ్బు గొర్రె మెదడులో నీటి తిత్తి ఉంటుంది, ఆ తలకాయను కుక్క పచ్చిగా తింటే దాని పేగుల్లో పురుగు పెరుగుతుంది, కుక్క పెంటలో గుడ్లు గడ్డి మీద పడతాయి, ఇంకో గొర్రె ఆ గడ్డి మేస్తుంది. ఎండకు గుడ్లు చస్తాయి, తడి గడ్డిలో చాలా రోజులు బతుకుతాయి. అంటే వానాకాలంలో మీరు పడేసిన తలకాయ మీ మందకే తిరిగొస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే అవీ పెట్టొద్దు, ఆ పురుగు మనుషులకు కూడా వస్తుంది. లోతుగా పాతిపెట్టండి, లేదా బాగా ఉడకబెట్టి పెట్టండి. ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగు మందు ఉన్న మాత్ర రెండు మూడు నెలలకోసారి కుక్కకు వేయండి, ఖర్చు ఒక గొర్రెపిల్ల ధరలో ఏ మూలకూ రాదు.

మందు అంటే గుర్తొచ్చింది, పిడుదులకు గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదినే కుక్కకు కంటి అంచనాతో పొడిచేయడం మన దగ్గర మామూలైపోయింది. కుక్కకు లెక్క వేరు. కోలీ జాతి రక్తం ఉన్నవాటిలో కొన్నిటికి ఆ మందు మెదడుకెక్కి ప్రాణమే పోతుంది. డాక్టరును అడగకుండా వేయకండి.

అపోహ: మంద కుక్క అడవిలోనే ఉంటుంది, దానికి రేబిస్ టీకా ఎందుకు

అడవిలో ఉంటుంది కాబట్టే. నక్కతోనూ, ఊరి కుక్కతోనూ మొదట కలబడేది అదే. మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత బూస్టరు, ఆపైన ఏటా. దాని కాటు, గీత మీకు తగిలితే పసుపు, సున్నం పెట్టొద్దు, సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి నేరుగా ఆసుపత్రికి పోండి.

ఇంకా అడగాలనుకుంటే కింద అడగండి, జవాబు రాత్రి మంద కట్టాకే, అదీ సిగ్నల్ ఉంటే. కుక్కపిల్లల కోసం మాత్రం ఈసారికి అడగొద్దు, రాణి మొన్నటి ముసురులోనే నాలుగు పిల్లలను పెట్టింది, రెండు పక్క మందలకు మాటిచ్చేశాను, మిగతా రెండూ నాకే కావాలి.