పావుగంట మీటింగ్ ముప్పావుగంట ఎందుకవుతోంది

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ మొదలయ్యే ముందు, తిరుపతి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పొద్దున్నే, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పొడవునా రోజూ ఓ చిన్న మీటింగ్ పెట్టుకోవడం మామూలే. అనుకునేది పావుగంట. చాలాచోట్ల ముగిసేసరికి ముప్పావుగంట దాటుతుంది. మనవాళ్లకు టైమ్ లెక్కలేదని తిట్టుకుంటే తెమిలేది కాదిది. ఈ అలవాటు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చూస్తే, ఎక్కడ గాడి తప్పిందో తెలుస్తుంది.

ఇది రెండు దారుల్లో వచ్చింది. మొదటిది జపాన్ దారి. అక్కడి కంపెనీల్లో పని మొదలుకాక ముందు అందరూ గుమిగూడే 'చోరెయ్' పాత ఆచారం. 1928లో రేడియోలో మొదలైన వ్యాయామాలు కూడా చాలాచోట్ల దాంట్లో కలిసిపోయాయి. అందులో ఎక్కువగా మాట్లాడేది పైవాళ్లే: నిన్నటి ఉత్పత్తి, ఇవాళ్టి టార్గెట్, భద్రత గురించి ఓ హెచ్చరిక. కిందివాళ్లు వింటారు. ఫ్యాక్టరీ లైన్ల దగ్గర మనం చూసే షిఫ్ట్ మీటింగ్ ఈ కోవలోదే. చెప్పేది ఒక్కరే కాబట్టి అది తొందరగానే అయిపోతుంది.

రెండోది సాఫ్ట్‌వేర్ దారి. హోండా, కెనాన్, ఫ్యూజీ జిరాక్స్ లాంటి కంపెనీలు కొత్త వస్తువులను ఎలా తయారుచేశాయో చూసిన జపాన్ పరిశోధకులు తకెయుచి, నొనాకా 1986లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఓ వ్యాసం రాశారు. రిలే పందెంలో కర్ర అందించినట్టు కాకుండా, రగ్బీ జట్టులా అంతా కలిసి ముందుకు కదులుతారన్నది వాళ్ల మాట. 1993లో అమెరికాలోని ఈజిల్ కార్పొరేషన్‌లో జెఫ్ సదర్లాండ్ ఆ ఆలోచనతోనే స్క్రమ్ అనే పద్ధతి మొదలుపెట్టారు, సాఫ్ట్‌వేర్ జట్టు కలిసి పనిచేసే పద్ధతి అది. రోజూ కలవాలన్న ముక్క మాత్రం బోర్లాండ్ కంపెనీలో క్వాట్రో ప్రో అనే స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బృందం మీద జేమ్స్ కోప్లియన్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. 1995లో ఆస్టిన్ సదస్సులో సదర్లాండ్, కెన్ ష్వాబర్ ఈ పద్ధతిని లోకం ముందు పెట్టారు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డం ఏముంది అనే మూడు ప్రశ్నలు దీంతోపాటే వ్యాపించాయి.

నిలబడి మాట్లాడుకోవడాన్ని ఎక్కువగా ప్రచారం చేసింది కెంట్ బెక్ తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే మరో సాఫ్ట్‌వేర్ పద్ధతి. దానికి ఆధారమూ దొరికింది. 1999లో బ్లూడోర్న్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, కూర్చుని చేసిన మీటింగులు నిలబడి చేసినవాటికంటే 34 శాతం ఎక్కువసేపు సాగాయి. నిర్ణయాల నాణ్యతలో మాత్రం తేడా లేదు.

మన దగ్గర ఈ రెండు దారులూ కలగాపులగమయ్యాయి. అందరూ మాట్లాడాలన్నది రెండోదాంట్లోంచి తీసుకున్నాం. పైవాడికి జవాబు చెప్పుకోవడం మొదటిదాంట్లోంచి. దాంతో ఒక్కొక్కరే మేనేజర్ వైపు తిరిగి లెక్క అప్పజెబుతున్నారు. ఆయన "ఎందుకు కాలేదు?" అంటే సంజాయిషీ మొదలవుతుంది. పన్నెండు మంది ఉన్న జట్టులో మనిషికి మూడు నిమిషాలైతే 36 నిమిషాలు. ఒకరు చెబుతుంటే తక్కిన పదకొండు మంది తమ వంతు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటారే తప్ప వినరు. అడ్డంకి ఉందని ఒప్పుకుంటే మాట పడాల్సి వస్తుందని దాన్ని దాచేస్తారు. ఈ మీటింగ్‌కు అంతకంటే పెద్ద నష్టం లేదు. స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ కూడా 2020 నవంబర్ కూర్పులో ఆ మూడు ప్రశ్నలనూ తీసేసింది. పదిహేను నిమిషాల హద్దు మాత్రం ఉంచింది.

మనుషుల చుట్టూ కాకుండా పని చుట్టూ తిరిగితే మీటింగ్ ఎలా ఉంటుందో గుజ్జు ఫ్యాక్టరీలో బాగా తెలుస్తుంది. తోతాపురి సీజన్లో పండిన కాయ ఎవరికోసమూ ఆగదు. అందుకే లెక్క గోదాములోంచి మొదలుపెట్టాలి: ఇవాళ గుజ్జుకు ఎన్ని టన్నుల కాయ సిద్ధం, రేపటికి ఎంత, గేటు బయట ఎన్ని లోడ్లు. తర్వాత బాయిలర్, గుజ్జు తీసే పల్పర్, చివరికి ఫిల్లింగ్. సుమారు 215 కిలోలు పట్టే, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన అసెప్టిక్ బ్యాగులు, డ్రమ్ములు రాత్రి షిఫ్ట్ దాకా సరిపోతాయా? మధ్యలో లైన్ కడగడానికి ఎప్పుడు ఆపాలి? ఫిల్లింగ్ ఆగితే వెనక ఉన్నదంతా ఆగుతుంది కాబట్టి, ఆ ఇన్‌చార్జి ఒక్కమాటకు గోదాము మనిషి వెంటనే కాయ తీయడం తగ్గిస్తాడు. ఇక్కడ ఎవరూ తన పనితనం చూపించుకోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఇలాగే పని చుట్టూ తిరగొచ్చు, కాకపోతే వరస తిరగేసి. జట్టు పనులన్నీ రాసిపెట్టుకున్న బోర్డు మీద పూర్తికావడానికి దగ్గరగా ఉన్న పనితో మొదలుపెట్టి వెనక్కి రండి. కదలని పని దగ్గరే ఆగండి. ఇద్దరికి మాత్రమే సంబంధించిన చర్చ ఒక నిమిషం దాటితే బోర్డు మూలన రాసి, మీటింగ్ అయ్యాక ఆ ఇద్దరే కూర్చోవాలి. జట్టు పదిమందికి మించితే రెండుగా విడదీయడమే మేలు. మేనేజర్ రావొచ్చు గానీ బోర్డు పక్కన కాకుండా వెనక నిలబడాలి. బోర్డు పక్కనుంటే చూపులన్నీ ఆయన మీదికే పోతాయి.

షిఫ్ట్ బస్సుల్లో వచ్చే ఫ్యాక్టరీలో టైమ్ పెట్టేటప్పుడు బస్సు చేరడానికి, పంచింగ్‌కు, షూ మార్చుకోవడానికి పట్టే సమయం కలుపుకోవాలి. సత్యవేడు వైపు తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు ఒకే లైన్లో ఉంటారు కాబట్టి భద్రత మాట రెండు భాషల్లోనూ చెప్పించాలి. బోర్డు మీద ప్రతి అడ్డంకి పక్కన అది రాసిన తేదీ, చూడాల్సిన మనిషి పేరు ఉండాలి. మూడో రోజుకీ అది అక్కడే ఉంటే జట్టు చేతిలో లేనట్టే. అదే రోజు ప్లాంట్ మేనేజర్ మీటింగ్‌కు పంపించాలి.