జపాన్ కథలన్నీ హైస్కూల్లోనే ఎందుకు? అపోహలు - వాస్తవాలు

జపనీస్ చెప్పడం, మధ్యమధ్యలో సబ్‌టైటిళ్లు రాయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అనిమే (జపాన్ యానిమేషన్) పిచ్చితో వస్తారు కాబట్టి ఏ బ్యాచ్‌లోనైనా ఈ ప్రశ్న రాక తప్పదు: "ఎప్పుడు చూసినా ఆ హైస్కూలు గొడవే ఏంటండీ, వాళ్లకి వేరే కథలే దొరకవా?" అడిగినవాళ్లే జవాబు కూడా చెప్పేస్తుంటారు. ఆ జవాబులతోనే అసలు చిక్కు.

అపోహ: చూసేది స్కూలు పిల్లలే, అందుకే స్కూలు కథలు.

వాస్తవం: కొంతవరకు నిజం. 1968లో మొదలైన షోనెన్ జంప్ లాంటి మాంగా (జపాన్ కామిక్స్) పత్రికలు మగపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని వచ్చినవే. కానీ పెద్దవాళ్ల కోసం బిగ్ కామిక్ కూడా అదే ఏడాది మొదలైంది, యంగ్ జంప్ 1979లో, మార్నింగ్ 1982లో వచ్చాయి. ఆఫీసు, ఆసుపత్రి, వంట, పోలీసు కథలు అక్కడ కుప్పలు. మన ఫోన్లదాకా వచ్చేవి వాటిలో తక్కువ, అంతే. పైగా హైస్కూలు కథలు పెద్దవాళ్లూ చూస్తారు. షోనెన్ జంప్‌లో సీరియల్‌గా వచ్చి 1996లో ముగిసిన హైస్కూల్ బాస్కెట్‌బాల్ మాంగా స్లామ్ డంక్ 2022లో మళ్లీ సినిమాగా వస్తే, చిన్నప్పుడు ఆ పత్రిక చదివినవాళ్లు నలభైలు దాటాక కూడా వెళ్లి చూశారు.

అపోహ: అక్కడ హైస్కూలంటే స్వర్గం, అందుకే జీవితాంతం తలుచుకుంటారు.

వాస్తవం: స్వర్గమేం కాదు. నిర్బంధ విద్య తొమ్మిదో ఏడాదితో అయిపోతుంది, ఆ తర్వాత హైస్కూల్లో (అక్కడ పది నుంచి పన్నెండో ఏడాది చదువు) చేరడానికే పరీక్ష రాయాలి. ఏడిపించడాలు, బడి మానేసి ఇంట్లోనే ఉండిపోయే పిల్లలు అక్కడా ఉన్నారు. జుట్టు నల్లగానే ఉండాలన్న రూలు లాంటివాటిని టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లు ఎత్తేసింది 2022లో, అదీ బోలెడు గొడవయ్యాక.

మరి ఎందుకు? నా మటుకు నాకు కారణం క్యాలెండర్. చదువు మూడేళ్లు, దాదాపు అందరూ హైస్కూలుకి వెళ్తారు, అందరి క్యాలెండరూ ఒకటే: ఏప్రిల్‌లో చేరడం, శరదృతువులో కల్చరల్ ఫెస్టివల్, రెండో ఏడు క్యోటోకో ఒకినావాకో స్కూలు ట్రిప్పు, మూడో ఏడు వేసవికల్లా క్లబ్బు (స్కూలయ్యాక ఆటలకో సంగీతానికో కలిసే బృందం) వదిలేసి పుస్తకాల ముందు కూర్చోవడం, జనవరిలో యూనివర్సిటీల కామన్ టెస్ట్, మార్చిలో వీడ్కోలు. గేటు దగ్గర చెర్రీ పూలు రాలుతున్నట్టు ఒక్క ఫ్రేమ్ గీస్తే చాలు, అది ఏ నెలో, ఎవరి గుండెల్లో ఏం గుబులో చూసేవాళ్లకి తెలిసిపోతుంది, రచయిత ఒక్క ముక్క వివరించక్కర్లేదు.

ఆ క్లబ్బు సంగతే చూడండి. 1915లో మొదలైన హైస్కూల్ బేస్‌బాల్ టోర్నమెంట్ ఇప్పుడు ఒసాకా, కోబేల మధ్య ఉన్న కోషియెన్ స్టేడియంలో ఆగస్టులో జరుగుతుంది, జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రతి మ్యాచ్‌నీ లైవ్‌లో చూపిస్తుంది. మూడు వేలకు పైగా స్కూళ్లు ప్రాంతీయ పోటీలు ఆడితే అక్కడిదాకా వెళ్లేవి 49. అంతా నాకౌట్, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. అంటే ఛాంపియన్ తప్ప మిగతా ప్రతి జట్టుకీ ఆ వేసవి ఓటమితోనే ముగుస్తుంది, మూడో ఏడాది పిల్లలకి దాంతో క్లబ్బు కూడా ముగుస్తుంది, మళ్లీ ఇంకో ఛాన్స్ లేదు. కోషియెన్‌లో ఓడిన కుర్రాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూ, గ్రౌండ్ మట్టిని గుప్పిళ్లతో షూ బ్యాగుల్లోకి నింపుకుంటారు, చుట్టూ కెమెరాలు. ఇంత డ్రామా ఏటా నిజంగానే జరుగుతుంటే స్పోర్ట్స్ మాంగా రాసేవాడు కొత్తగా కల్పించాల్సింది ఎంతని!

మన దగ్గర అదే వయసు ఇంటర్. స్టడీ అవర్లు, వీక్లీ టెస్టులు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) టెన్షన్. అందుకేనేమో మన సినిమాలు చాలావరకు ఆ రెండేళ్లని దాటేసి నేరుగా ఇంజినీరింగ్ కాలేజీ క్యాంటీన్లో తేలతాయి. ఎక్కడ కాస్త ఖాళీ సమయం దొరికితే కథలు అక్కడే పుడతాయి.

అపోహ: మేడ మీద లంచ్, ప్రిన్సిపాల్‌నే శాసించే స్టూడెంట్ కౌన్సిల్, అన్నీ నిజమే.

వాస్తవం: చాలా స్కూళ్లలో మేడ తలుపుకి తాళం ఉంటుంది. కౌన్సిల్ పని ఎక్కువగా ఫెస్టివల్ ఏర్పాట్లు, మీటింగులు. నిజమైనవి వేరే ఉన్నాయి: పిల్లలే క్లాసు ఊడ్చి తుడుస్తారు, చాలా పీరియడ్లకి పిల్లలు కదలరు, టీచర్లే గదులు మారతారు. ఒకే గదిలో అవే నలభై మొహాలు ఏడాదంతా, కథకి ఇంతకంటే ఏం కావాలి? గీసేవాళ్లకీ సుఖమే. ఒక్క యూనిఫాం డిజైన్ క్లాసు మొత్తానికి సరిపోతుంది, హీరోని చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చోబెడితే వెనక జనాన్ని గీసే పని తప్పుతుంది.

అపోహ: అనిమే డైలాగులు బట్టీపడితే జపనీస్ వచ్చేసినట్టే.

వాస్తవం: అవి క్లాస్‌మేట్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునే మాటలు. ఏడాది సీనియర్ దగ్గరే ఆ పాత్రలు క్రియల చివర్లు మార్చి మర్యాదగా మాట్లాడతాయి, గమనించండి. అదే చనువు మాటని ఉద్యోగం ఇంటర్వ్యూలో వాడితే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు, ఫోన్ మాత్రం రాదు. అందుకే నా క్లాసులో మొదట మర్యాద రూపాలే, అనిమే డైలాగులు ఆ తర్వాత.