సేవా క్లబ్బు సభ్యత్వం: అపోహలు - వాస్తవాలు

రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో జూలై 1న కొత్త కార్యవర్గాలు బాధ్యతలు చేపడతాయి. కొత్త సభ్యులు చేరేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. హనుమకొండలో ఒక క్లబ్బు కార్యదర్శిగా పనిచేసిన నాకు వారి నోట ఏటా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇవి పరిచయాలు పెంచుకోవడానికి పెట్టుకున్న క్లబ్బులు.

వాస్తవం: కొంత నిజమే, దాచడం ఎందుకు? 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీని మొదలుపెట్టింది వృత్తి వ్యాపారాల్లో ఉన్నవారు స్నేహంగా కలుసుకోవడానికే. సేవ ఆ తర్వాత వచ్చి చేరింది. పరిచయాల కోసం వచ్చినవారిని నేను తప్పుపట్టను. రెండో ఏడాది కూడా సమావేశాలకు వస్తున్నారా లేదా అన్నదే చూస్తాను.

అపోహ: చందా కడితే చాలు.

వాస్తవం: చందా కడితే జాబితాలో పేరుంటుంది, అంతవరకే.

అపోహ: శిబిరం బాగా జరిగితే సేవ పూర్తయినట్టే.

వాస్తవం: కంటి శిబిరాన్నే తీసుకోండి. పరకాల వైపో నర్సంపేట వైపో ఒక ఊళ్లో టెంటు వేసి, శుక్లాలు ఉన్నవారిని గుర్తించడం ఒక పూట పని. ఆ తర్వాతే ఓపిక కావాలి. షుగరు అదుపులో లేనివారికి ఆపరేషన్ వాయిదా వేస్తారు. అదుపులోకి వచ్చాక వారిని మళ్లీ పిలిపించేది ఎవరు? రిజిస్టరులో పేరు, ఊరు, కుడికన్నో ఎడమకన్నో రాసుకుంటాం. ఫోను నంబరు మాత్రం చాలాసార్లు హైదరాబాద్‌లో ఉండే కొడుకుది. అందుకే పక్కింటివారి నంబరు కూడా అడిగి రాసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కల మందు వేసుకోవాలి, వైద్యులు రమ్మన్న రోజున చూపించుకోవాలి, చివర్లో కళ్లజోడు కోసం ఇంకోసారి రావాలి. నల్లద్దాలు పెట్టుకున్న అవ్వతో దిగిన ఫొటో మర్నాడే పేపర్లో పడుతుంది. అదే అవ్వను నెల దాటాక బండి మీద ఎక్కించుకొచ్చిన సభ్యుడికి ఫొటో ఏమీ ఉండదు.

తేదీ సంగతి కూడా చెప్పాలి. ముఖ్య అతిథికి వీలైన రోజు చూసి శిబిరం పెడతారు కానీ, అది పత్తి ఏరే కాలమా కాదా అని చూడరు. ఆ రోజుల్లో ఆపరేషన్‌కు రమ్మంటే కూలి పోగొట్టుకుని రమ్మన్నట్టే. ఒకవేళ వచ్చినా, కన్ను మానకముందే దుమ్ములో చేనుకు వెళ్లిపోతారు.

అపోహ: నాయకుడి పుట్టినరోజుకు భారీ రక్తదానం చేస్తే ఏడాదంతా సరిపోతుంది.

వాస్తవం: ఎర్రకణాలు నిల్వ ఉండేది ఎక్కువలో ఎక్కువ 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒకసారి ఇచ్చినవారు మళ్లీ ఇవ్వాలంటే పురుషులైతే మూడు నెలలు, మహిళలైతే నాలుగు నెలలు ఆగాలి. అందరిచేతా ఒకే రోజు ఇప్పించేస్తే తర్వాత కొరత వచ్చినప్పుడు ఎవరిని అడుగుతాం? ఏడాది పొడవునా చిన్న చిన్న శిబిరాలు పెట్టాలి, అందులో ఒకటి కాలేజీలకు సెలవులుండే మే నెలలో తప్పక ఉండాలి.

అపోహ: అంతా అధ్యక్షుడి చేతిలోనే ఉంటుంది.

వాస్తవం: అధ్యక్షుడి చేతిలో ఉండేది ఒక్క ఏడాది. పోలియో మీద రోటరీ పోలియోప్లస్ కార్యక్రమం 1985లో మొదలైంది. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో రహితమన్న ధ్రువీకరణ దక్కింది. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసింది ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు. వారికి తోడుగా పల్స్ పోలియో ఆదివారాల్లో బూత్‌ల దగ్గర కూర్చున్న క్లబ్బు సభ్యులకు ఈలోపు ఎందరు అధ్యక్షులు మారారో!

మన దగ్గర మాత్రం కొత్త అధ్యక్షుడు రాగానే కొత్త పథకం కావాలి. బడిలో మంచినీళ్ల ప్లాంటు పెట్టి, గోడకు శిలాఫలకం బిగించి వస్తాం. మరుసటి ఏడాది ఫిల్టరు మూసుకుపోయిందని హెడ్‌మాస్టర్ ఫోను చేస్తే, "అది పాత కార్యవర్గం పని" అంటాం. చేరాలనుకునేవారు మా క్లబ్బునైనా, ఇంకే క్లబ్బునైనా ముందుగా ఒక మాట అడగండి: పోయినేడాది పెట్టిన ప్లాంటుకు ఫిల్టరు ఎప్పుడు మార్చారు, డబ్బు ఏ పద్దులోంచి ఇచ్చారు?