టాపు కోసిన అంబాసిడర్

మా అంబాసిడర్ ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవర్ పక్క డోరు చక్కగా పడేది. బత్తాయి లోడు ఎక్కించాక పడేది కాదు. నాన్న దాన్ని తాడుతో కట్టి కొత్తపేట పండ్ల మార్కెట్‌కు బయల్దేరేవాడు. కనగల్ దగ్గర మా తోట నుంచి నల్లగొండ, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఆ తాడు మీద నమ్మకంతోనే ప్రయాణం. డోరు పాడైందని చిన్నప్పుడు నేను అనుకునేవాణ్ణి. గొళ్లెం రెండుసార్లు మార్పించారు కూడా. అసలు సంగతి డోరులో లేదు, డోరు చుట్టూ ఉన్న చట్రంలో ఉంది. ఈ ముక్క నాకు అర్థమయ్యేసరికి ముప్పై ఏళ్లు పట్టింది.

అది మార్క్ టూ మోడల్. తొంభైల మధ్యలో నాన్న దాని వెనక సగం గ్యాస్ కట్టర్‌తో కోయించి ట్రాలీ చేయించాడు. అప్పటికి మా ఊళ్లో టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు లేవు. డీసీఎం కిరాయికి మాట్లాడుకునేంత పంట కాదు మాది. ఉన్న కారునే బండిగా మార్చుకోవడం ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. కొన్నేళ్లు ట్రాలీగా తిరిగాక అది కొట్టం పక్కన వేపచెట్టు కింద పద్దెనిమిదేళ్లు నిలబడిపోయింది. కిందటేడు బయటికి లాగించి బాగు చేయించడం మొదలుపెట్టాను. తిరిగి కారుగా మార్చమని కొందరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. కారుగా అది తిరిగిన ఏళ్ల కంటే ట్రాలీగా మమ్మల్ని పోషించిన ఏళ్లే నాకు ముఖ్యం. ట్రాలీగానే ఉంచుతాను, కానీ సరైన ట్రాలీగా.

మా మేస్త్రీ వయసులో పెద్దాయన, అందరం చాచా అంటాం. ఆయన చేసిన మొదటి పని చూసి నాకు ఆశ్చర్యమేసింది. స్పానర్ ముట్టలేదు. డోరు మూసి, దాని వెనక అంచుకీ పిల్లర్‌కీ మధ్య పైభాగంలో ఉన్న సందులో రెండు రూపాయి బిళ్లలు కలిపి దూర్చాడు. తర్వాత వెనక ఎడమ మూల కింద జాకీ పెట్టి ఎత్తాడు. చక్రం నేల వదిలేసరికి సందు మూసుకుపోయి బిళ్లలు ఇరుక్కున్నాయి. "చూసినవా బేటా, టాపు కోసినంక దీని నడుము ఇరిగింది. ముందు నడుము కట్టాలె, రంగు సంగతి తర్వాత" అన్నాడు.

లారీకి, పాత జీపుకు కింద నిచ్చెనలాంటి చాసిస్ ఉంటుంది. బరువు మోసేది అదే. పైన బాడీ తీసేసినా బండి నిలబడుతుంది. అంబాసిడర్ అలాంటిది కాదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైన ఈ కారులో విడిగా చాసిస్ లేదు. నేల రేకు, డోర్ల కింద గడపల్లా ఉండే పెట్టె భాగాలు, పిల్లర్లు, టాపు, వెనక సీటు వెనకాల అడ్డరేకు, వెనక అద్దం చుట్టూ ఉన్న చట్రం, అన్నీ కలిసి ఒకే గుల్లగా బరువు మోస్తాయి. గుడ్డు పెంకు పని చేసే తీరు ఇదే. పెంకు ఎంత పలచనో మనకు తెలుసు, మూసి ఉన్నంతసేపూ దాని బలమూ తెలుసు.

మూసి ఉండటానికి ఎందుకంత విలువ? ఇంట్లో పాత పీవీసీ పైపు ముక్క ఉంటే చేసి చూడండి. రెండు చివర్లు పట్టుకుని తువ్వాలు పిండినట్టు మెలితిప్పితే అది కదలదు. ఇప్పుడు రంపంతో పొడవునా ఒకే ఒక్క గీత కోసి మళ్లీ తిప్పండి. సులువుగా మెలిపడుతుంది. తీసేసిన ప్లాస్టిక్ రంపపు పొట్టు మాత్రమే, బలం మాత్రం దాదాపు అంతా పోయింది. తిప్పేటప్పుడు కోసిన చోట చూస్తే కారణం కనిపిస్తుంది. రెండు అంచులు ఒకదాని పక్కన ఒకటి పొడవునా జారుతుంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. కోయని పైపులో ఈ జారుడుకు చోటు లేదు. మెలితిప్పే శక్తి గోడ వెంట గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. దారి తెగితే ఆ వలయం తెగినట్టే.

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే ఇది నమ్మశక్యంగా ఉండదు. 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం, 1 మిల్లీమీటరు మందం ఉన్న పైపు తీసుకుంటే, పొడవునా కోసిన తర్వాత మెలికను తట్టుకునే బిగువు దాదాపు 1,900 రెట్లు తగ్గుతుంది. వ్యాసార్థాన్ని మందంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, మూడుతో గుణిస్తే వచ్చే సంఖ్య ఇది. రేకు ఎంత పలచనైతే, గుల్ల ఎంత పెద్దదైతే, కోతకు నష్టం అంత ఎక్కువ. కారు అచ్చంగా పైపు కాదు, కిటికీలు, డోర్లు ఉంటాయి కాబట్టి సంఖ్య ఇలాగే ఉండదు. సూత్రం మాత్రం అదే. మా బండికి టాపు వెనక భాగం, అద్దం చట్రం, అడ్డరేకు మూడూ ఒకే రోజు పోయాయి. మిగిలింది మూత లేని అట్టపెట్టె.

వంగడం విషయంలోనూ దెబ్బే. మన పాత ఇళ్లలో దూలాన్ని నిలువుగా నిలబెడతారు, పడుకోబెట్టరు. ఎత్తు రెట్టింపైతే వంగకుండా ఉండే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఎత్తు సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. టాపు నుంచి గడప దాకా ఉన్న కారు పక్కభాగం నిజానికి ఒక ఎత్తైన దూలం. దాన్ని నడుము దగ్గర తెగ్గోస్తే మిగిలేది పొట్టి దూలం. అందుకే లోడు పడగానే బండి వంగి, డోరు సందు ఒరిగి, గొళ్లెం కలవలేదు. నాన్న తాడు కట్టిన ప్రతిసారీ ఆ బండి తన నొప్పి చెబుతూనే ఉంది.

ఇదంతా మనవాళ్లకు తెలియక జరిగిన పొరపాటని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఇదే చిక్కు పెద్ద కంపెనీలకూ ఎదురైంది. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ కారు కూడా చాసిస్ లేని గుల్లే. 1953లో దాన్నే వ్యానుగా, పికప్‌గా మార్చి అమ్మాలనుకున్నప్పుడు మోరిస్ వాళ్లు ఆ రెండింటికీ విడిగా చాసిస్ పెట్టారు. తయారు చేసినవాళ్లే వెనక భాగం తీసేసి ఊరుకోలేకపోయారు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ 1934లో తెచ్చిన, ముందు కారులా వెనక తొట్టితో ఉండే 'యూట్' కథ వేరు. ఆదివారం చర్చికి, సోమవారం పందులను సంతకు తీసుకెళ్లే బండి కావాలని ఒక రైతు భార్య రాసిన ఉత్తరం నుంచి అది పుట్టిందని చెబుతారు. లూ బ్యాండ్ట్ అనే డిజైనర్ దాన్ని గీశాడు. ఆ కాలపు ఫోర్డ్ కార్లకు కింద చాసిస్ ఉండేది కాబట్టి పని కుదిరింది. ఆ ఉత్తరం సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకూ పెళ్లిళ్లకు వెళ్లడానికి కారు కావాలి, బత్తాయికి బండి కావాలి.

అప్పట్లో కోసిన వెల్డర్ ఏమీ చేయలేదని కాదు. నేల కింద రెండు ఎల్ ఆకారపు ఇనుప యాంగ్లర్లు అతికించాడు. యాంగ్లరు బరువుకు వంగకుండా కొంత ఆపుతుంది. మెలికను మాత్రం ఆపలేదు, ఎందుకంటే అది మూసిన ఆకారం కాదు, ముందే కోసి ఉన్న పైపులాంటిది. పైగా యాంగ్లరు ఆగిపోయిన చోట, గట్టి ఇనుము నుంచి పలచని రేకుకు ఒక్కసారిగా మారిన చోట, డోరు పిల్లర్ అడుగున రేకు చీలింది. గుంతల రోడ్డు మీద లక్షల కుదుపులు అదే గీత మీద పడితే ఇనుమైనా అలిసిపోతుంది. ఇంజనీర్లు దాన్ని ఫెటీగ్ అంటారు. సైకిల్ పుల్లను ఇటూ అటూ వంచి విరిచినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

చాచా ఆ యాంగ్లర్లు తీసేశాడు. వాటి స్థానంలో ముందు సస్పెన్షన్ తగిలే చోటు నుంచి వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగ్‌ల) కొక్కీల దాకా రెండు చదరపు బాక్స్ పైపులు వేశాడు. మధ్యలో మూడు అడ్డపైపులు. చివర్లను చేప తోకలా చీల్చి, క్రమంగా సన్నబరిచి రేకు మీద అతికాడు, బరువు ఒక్క గీత మీద పడకుండా పరుచుకోవాలని. క్యాబిన్ వెనక నేల నుంచి టాపు దాకా కొత్త అడ్డగోడ లేచింది. దానికి చిన్న అద్దం పెట్టాం. ఆ గోడతో క్యాబిన్ మళ్లీ మూసిన పెట్టె అయింది. నా దృష్టిలో మొత్తం పనిలో అదే గుండెకాయ.

లోడు ఎక్కడ కూర్చుంటుందన్నది ఇంకో ప్రశ్న. పాత ట్రాలీ తొట్టి వెనక ఇరుసు దాటి చాలా బయటికి ఉండేది. అంబాసిడర్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం దాదాపు 2.46 మీటర్లు. అర టన్ను లోడు వెనక ఇరుసుకు అర మీటరు వెనకాల కూర్చుంటే, తూగుడుబల్లలాగా ముందు చక్రాల మీద నుంచి దాదాపు వంద కిలోలు లేచిపోతాయి. స్టీరింగ్ తేలికై తప్పుతుంది, లైట్లు ఆకాశం చూస్తాయి. కొత్త తొట్టిని పొట్టి చేసి ముందుకు జరిపాం. కమాన్ కట్టల్లో పట్టీలు అదనంగా వేయమని చాచాను అడిగితే ఒక్కటి చాలన్నాడు. పట్టీలన్నీ ఒకే మందమైతే ఐదుకు ఒకటి కలపడం వల్ల బిగువు ఐదో వంతు పెరుగుతుంది. అదే మందం రెట్టింపున్న పట్టీ వేస్తే ఒక్కటే ఎనిమిది పట్టీలంత బిగువు. అంత గట్టిదనంతో ఖాళీ బండి గుంతలో ఎగిరి, చక్రం నేలను వదిలేస్తుంది.

ఇక జంగు. మాది కోస్తా కాదు, ఉప్పుగాలి లేదు, గాలి ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగానే ఉంటుంది. అయినా తొట్టి కింద నేల రేకు జల్లెడైంది. చెట్టు కింద నిలబడ్డందుకు అనుకున్నాను. కానీ తిన్నది వాన కాదు, మా తోటే.

తుప్పు పట్టడమంటే రేకు మీద చిన్న బ్యాటరీ పని చేయడమే. ఒకచోట ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి తడిలోకి కరిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా నడిచి, గాలి బాగా అందే ఇంకోచోట నీటిని, ఆక్సిజన్‌ను కలుస్తాయి. వింతేమిటంటే, కరిగేది గాలి తగిలే చోట కాదు, గాలి అందని చోట. అందుకే పేరుకున్న మట్టి కింద, చాప కింద, పుట్టీ కింద రేకు ముందు పోతుంది. పుట్టీ తేమను పీల్చి అట్టే పెట్టుకుంటుంది కూడా. దీనికి ఎరువు తోడైంది. మా ట్రాలీ పోయేటప్పుడు బత్తాయి, వచ్చేటప్పుడు ఎరువు బస్తాలు తెచ్చేది. మనం వేసే మామూలు పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఒక రకం ఉప్పే. చినిగిన బస్తా నుంచి రాలిన పిడికెడు తడిస్తే, విద్యుత్తు నడవడానికి మంచి దారి ఏర్పడుతుంది. క్లోరైడ్ ఇనుము మీది కాపుదల పొరను కూడా చీలుస్తుంది. నలిగిన బత్తాయిల రసంలో, నిమ్మలో ఉన్నంత కాకపోయినా, సిట్రిక్ ఆమ్లం ఉంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది కాబట్టి రంగు బుడగలా ఉబ్బుతుంది. బుడగ కనిపించేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది.

చాచా చెడిన రేకు కోసేసి, మిగిలిన చోట్ల ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూశాడు. అది తుప్పును గట్టి ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. కోసి పారేసిన ముక్క మీద నేనొక ప్రయోగం చేశాను. తంగేడు బెరడు ఉడికించిన నీళ్లు పూసి ఎండబెట్టాను. ఎర్రటి తుప్పు తెల్లారేసరికి నల్లబడింది. తంగేడు బెరడుతో మనవాళ్లు తోలు శుద్ధి చేసేవారు, దానిలో టానిన్లు నిండుగా ఉంటాయి కనుక. టానిన్ తుప్పులోని ఇనుముతో కలిసి నల్లటి పదార్థమవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత వచ్చేది కూడా ఈ కలయిక వల్లే. బజారులో దొరికే తుప్పు మందులు కొన్నింటిలో ఉండే టానికామ్లం కూడా ఈ కోవదే. బతుకమ్మలో పేర్చే పూల చెట్టుకు ఇంత పని తెలుసు.

రేకు అతికేటప్పుడు నాకు ఓపిక నశించేది. చాచా ఇక్కడో చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క వెల్డింగ్ పెట్టి, తడిబట్ట అద్ది, టీ తాగి వచ్చేవాడు. ఒకే గీతలో లాగించేయొచ్చు కదా అన్నాను. మీటరు ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ చల్లటి రేకు దాన్ని సాగనివ్వదు, అది నలుగుతుంది. చల్లారాక కుంచించుకుని పక్క రేకును లాగి అప్పడంలా చేస్తుంది. ఆ తర్వాత ఎంత పుట్టీ రాసినా ఎండలో అల కనిపిస్తుంది.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, బోర్ చేయించి పిస్టన్లు మార్చాం. వాల్వు సీట్లకు గట్టి రింగులు వేయించాం, ఎందుకంటే అది సీసం కలిసిన పెట్రోల్ కాలపు ఇంజన్. సీసం వాల్వుకు మెత్తలా పనిచేసేది, 2000లో దేశమంతా అది ఆగిపోయింది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి చీలుతాయి. ఫ్లోరిన్ కలిసిన రబ్బరు పైపులు వేశాం. ఫ్లోరిన్ అనగానే నల్లగొండవాడికి గుండె కలుక్కుమంటుంది. మా తాత నడుము వంగింది బోరు నీటిలోని ఫ్లోరైడ్‌తోనే. కార్బన్‌తో బిగిసిన ఫ్లోరిన్ మాత్రం ఇథనాల్‌కు లొంగదు. ఆ పైపు బిగించేటప్పుడు తాత చాలాసేపు గుర్తున్నాడు.

ఇలాంటి పని తలపెట్టేవాళ్లు చట్టం ముందే చూసుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో 'వీఏ' నంబరు దక్కేది 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండికే. టాపు కోసిన బండికి అది రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చనివ్వదు. అందుకే మాది తోట గట్టు దాటి రోడ్డెక్కదు. చెట్ల మధ్య నుంచి కల్లం దాకా కాయ మోయడం దాని పని.

పోయిన నెల తొలి కోత రోజు తొట్టిలో అర టన్ను బత్తాయి పోశాం. చాచా జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి డోరు సందులో పెట్టాడు. వెనక ఎడమ మూల జాకీతో ఎత్తాడు. చక్రం నేల వదిలింది, చేత్తో తిప్పితే తిరిగింది. నన్ను పిలిచి బిళ్లలు తీయమన్నాడు. వేళ్లతోనే వచ్చేశాయి. డోరు తెరిచి మళ్లీ వేశాను, టక్కున పడింది. నాన్న వచ్చి తనూ ఒకసారి తెరిచి వేశాడు, తర్వాత ఇంకోసారి.