ఊరు మారిన గుళ్లు: దక్షిణ తెలంగాణ శిల్పసంపద వెనుక చరిత్ర

అలంపూర్‌లో కూడవెల్లి సంగమేశ్వరాలయం ముందు నిలబడిన కొత్తవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, సంగమం ఎక్కడుందని. పేరులోనే సంగమం ఉన్నా గుడి దగ్గర రెండు నదులు కలిసే చోటు కనిపించదు కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కృష్ణా, తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన ఈ గుడిని శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కాపాడటానికి రాయి వెంట రాయి విప్పి, ఇక్కడికి చేరవేసి, మళ్లీ నిలబెట్టారు. పాత ఊరు నీళ్ల కిందికి వెళ్లింది. గుడి మాత్రం పాత పేరుతోనే కొత్త నేల మీద ఉంది.

కూడవెల్లి ఒక్కటే ఇలా తరలిరాలేదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు శిల్పాలు, గుళ్లు, మ్యూజియాలు చూడటానికి వచ్చేవారికి కనబడే సంపదలో చెప్పుకోదగ్గ భాగం పుట్టిన చోట లేదు. కొంత నదీ ప్రాజెక్టుల వల్ల కదిలింది, కొంత తవ్వకాల తరవాత హైదరాబాదుకు చేరింది, కొంత ఇటీవల సముద్రాలు దాటి కూడా వెళ్లి వచ్చింది. ఏ రాయి ఎక్కడిదో, ఎందుకు కదిలిందో తెలియకుండా తిరిగినవారికి అందమైన శిల్పాలు కనబడతాయి గాని, అవి ఏ ఊరి చరిత్రలో భాగమో అర్థం కాదు. అందుకే ఆ కదలికల కథను మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తోంది.

ఈ ప్రాంతపు శిథిలాల మీద ప్రభుత్వం దృష్టి పెట్టడం నిజాం కాలంలోనే మొదలైంది. 1914లో హైదరాబాదు రాజ్యం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని తొలి డైరెక్టరుగా నియమించింది. అప్పటికి అలంపూర్, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలను విడదీసినప్పుడు అవి మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి, 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలో భాగమయ్యాయి. ఇన్నిసార్లు జిల్లా మారిన ఊరి చరిత్ర చెదిరిపోకుండా తెలుగువారి ముందు నిలిచిందంటే, అందులో అలంపూర్‌కు చెందిన గడియారం రామకృష్ణశర్మ చేసిన శాసన పరిశోధనకు పెద్ద పాలు ఉంది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను అలంపూర్‌లో జరిపించడంలోనూ ఆయన కృషి ఉంది. ఒక చిన్న ఊరి గుళ్ల వైపు సాహిత్య లోకాన్ని నడిపించిన ఆ ప్రయత్నాన్ని ఇప్పటి పర్యాటక ప్రచారాలు తలచుకోకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

అలంపూర్ నవబ్రహ్మాలయాలు మాత్రం తమ పాత చోటులోనే ఉన్నాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ అనే పేర్లున్న ఈ తొమ్మిదీ శివాలయాలే. ఏడు, ఎనిమిది శతాబ్దాలలో చాళుక్యులు వీటిలో ఎక్కువ గుళ్లను ఉత్తరాది పద్ధతి శిఖరాలతో కట్టించారు, పైన ఉసిరికాయను పోలిన ఆమలకం ఉంటుంది. బాలబ్రహ్మ ఆలయంలో నేటికీ నిత్యపూజ జరుగుతోంది. ఆవరణలోని మ్యూజియంలో ఒక శిల్పం దగ్గర మాత్రం తొందరపడకుండా ఆగాలి. అది లజ్జాగౌరి. తల ఉండవలసిన చోట విచ్చుకున్న తామరపువ్వు, కాళ్లు ఎడంగా మడిచిన ప్రసవ భంగిమ, నునుపుదేరిన రాయి. సంతానం కోరే స్త్రీలు కొలిచిన దేవత ఇది. పూజలందుకున్న రాయి మ్యూజియం వస్తువుగా మారడం కూడా ఒక స్థాన చలనమే, చోటు మారింది కొద్ది అడుగులే అయినా.

నదుల వల్ల వచ్చిన పెద్ద కదలిక మొదట నల్లగొండ వైపు జరిగింది. 1926లో మాచర్లకు చెందిన ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇచ్చిన సమాచారంతో నాగార్జునకొండ లోయలోని శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదే. లాంగ్‌హర్స్ట్ తొలి తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసే నాటికే ఆ లోయంతా మునగబోతోందని తేలిపోయింది కాబట్టి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కాలంతో పందెం వేసినట్టు తవ్వకాలు సాగాయి. తొమ్మిది కట్టడాలను విప్పి తరలించి మళ్లీ కట్టారు, పద్నాలుగు కట్టడాలకు పెద్ద నమూనాలు తయారుచేశారు. ఇవి కొండ మీద, అనుపు దగ్గర ఉన్నాయి. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. ఒకప్పుడు లోయలో నిలబడి తలెత్తి చూసిన కొండ ఇప్పుడు జలాశయం నడుమ ద్వీపం.

అదే జలాశయం నల్లగొండ జిల్లా వైపున్న ఏలేశ్వరాన్ని కూడా ముంచింది. అక్కడ మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపి బయటపెట్టిన ఇక్ష్వాకుల నాటి అవశేషాల సంగతి నాగార్జునకొండ పేరు విన్నవారిలో చాలామందికి తెలియదు. నాగార్జునకొండకు ద్వీపమూ, మ్యూజియమూ దక్కాయి, ఏలేశ్వరానికి ఆ భాగ్యం లేదు. ఏలేశ్వరం గట్టు మీది మల్లన్న దగ్గరికి శివరాత్రికి భక్తులు పడవల్లో వెళతారు. మునిగిన ఊరిని ఏటా గుర్తుచేసుకుంటున్నది వాళ్లే. 2014 తరవాత మ్యూజియం ఉన్న కొండ ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఉంది కాబట్టి, నల్లగొండ ఒడ్డున నిలబడి విజయపురి శిల్పాలు చూడాలంటే నీళ్లతో పాటు రాష్ట్రమూ దాటవలసి ఉంటుంది.

ఇటువైపు ఒడ్డున కొత్తగా వచ్చింది బుద్ధవనం. 274 ఎకరాలలో ఏర్పాటైన దీన్ని 2022 మే 14న ప్రారంభించారు. 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తుతో మహాస్తూపం, జాతక కథల వనం, స్తూపాల నమూనాల వనం, శ్రీలంకలోని అవుకన బుద్ధుడి ప్రతిరూపం ఇక్కడ ఉన్నాయి. ఇక్కడి శిల్పఫలకాలు ప్రాచీనమైనవి కావు, కృష్ణాలోయ పద్ధతిని అనుసరించి నేటి శిల్పులు చెక్కినవి. ఆ సంగతి ముందే తెలుసుకుని వెళితే బుద్ధవనం గొప్పగా ఉపయోగపడుతుంది. మాయాదేవి స్వప్నం, మహాభినిష్క్రమణం, ధర్మచక్ర ప్రవర్తనం వంటి ఘట్టాలను పెద్ద ఫలకాల మీద ఒకసారి తీరిగ్గా చదివినవారు, తరవాత మ్యూజియంలో విరిగిన సున్నపురాయి ముక్క మీద సగం మిగిలిన గుర్రాన్ని చూసినా అది సిద్ధార్థుడి గుర్రం కంథకమని గుర్తుపట్టగలరు. పిల్లలతో వెళ్లేవారు ముందు బుద్ధవనం, తరవాత కొండ అన్న క్రమం పాటిస్తే మంచిదని నా అభిప్రాయం.

పాలమూరు వైపు కథ మరింత బరువైనది. 1960లో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టానికి లోబడిన నేలంతా, కృష్ణకు రెండు వైపులా, ముంపు కింద లెక్క. దాదాపు వంద గ్రామాలు పోయాయి. వాటితో పాటు నదీతీరాన శతాబ్దాల పాటు ఒకదాని పక్కన ఒకటిగా లేచిన గుళ్లు కూడా పోవలసినవే. పురావస్తు శాఖలు ముఖ్యమైన వాటిని ఎంచుకుని తరలించే పని చేపట్టాయి. ముందు గుడిని అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి కొలతలు గీస్తారు. ప్రతి రాయికీ వరుసను, స్థానాన్ని తెలిపే అంకె వేస్తారు. శిఖరం నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా దింపుతూ పునాది దాకా వస్తారు, కొత్త చోట పునాది నుంచి మొదలుపెట్టి అదే అంకెల ప్రకారం పైకి వెళతారు. ఒక్క రాయి తారుమారైనా పై వరుస కూర్చోదు. యంత్రాలు అంతగా లేని రోజుల్లో వడ్డెరలు, రాతిపనివారు చేసిన ఆ పనికి ఆ గుళ్లే సాక్ష్యం. కట్టించిన రాజుల పేర్లు శాసనాలలో దొరుకుతాయి, మళ్లీ కట్టినవారి పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు.

అలా కూడవెల్లి గుడి అలంపూర్‌కు వచ్చింది. పాపనాశి ఆలయాల సముదాయం అలంపూర్‌కు దగ్గరలోనే ఎత్తయిన నేలకు మారింది. మంచాలకట్టలోని మాధవస్వామి ఆలయం కొల్లాపూర్‌కు చేరింది. సోమశిల, జటప్రోలు గుళ్లదీ అదే దారి. ముంపు ప్రాంతం నుంచి తరలించిన రాజరాజేశ్వరాలయాన్ని మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర, మ్యూజియం పక్కన కట్టారు. మర్రి ఊడల కోసం వచ్చేవారిలో ఎంతమంది ఆ గుడిని ఎక్కడో నది ఒడ్డున ఊహించుకుని చూస్తారు?

ఈ మాట చెబుతున్నప్పుడు మరొక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. గుడి రాళ్లకు అంకెలు వేసి భద్రంగా చేర్చిన ఆ ఏళ్లలోనే, 1981లో, ఆ ఊళ్ల మనుషులను బలవంతంగా ఖాళీ చేయించారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు కల్పించేందుకు 1986లో 98వ నంబరు జీవో వచ్చినా, దాని అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల తరబడి తిరగవలసి వచ్చింది. సోమశిలలో కృష్ణమ్మ అందాన్ని చూసి మురిసే మనం, ఆ నీటి కింద ఎవరి ఇళ్లు ఉన్నాయో ఒక్క నిమిషం అడిగి తెలుసుకోవాలి. స్థానికులు చెబుతారు. ఊరి పేరు అడిగితే చాలు, పాత ఊరు, కొత్త ఊరు అని రెండూ చెబుతారు.

ఒక పొరపాటును కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడి, వానాకాలంలో మళ్లీ మునిగే సంగమేశ్వరం కర్నూలు వైపుది, ఏడు నదుల సంగమమని భక్తులు పిలిచేది. అది తరలివచ్చిన కూడవెల్లి సంగమేశ్వరం కాదు. పిల్లలమర్రి పేరుతోనూ ఇదే చిక్కు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఒక మహావృక్షం. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ విరిగి, 2018లో చెదపురుగుల నుంచి కాపాడటానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన చెట్టు అదే. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. అక్కడ ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసాని కట్టించింది. ఆ ఊళ్లోని నామేశ్వరాలయంలో క్షీరసాగర మథనం వర్ణచిత్రం మసకగానైనా మిగిలి ఉంది. తెలంగాణలో అంత పాత కుడ్యచిత్రాలు అరుదు కాబట్టి, వేలితో తాకకుండా, ఫ్లాష్ వాడకుండా చూడటం చూసేవారి బాధ్యత.

కదలని వాటిలో నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ముఖ్యమైనది. కందూరు చోళుల రాజధాని ఇది. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత, శైవ కథలు బారులు తీరి ఉంటాయి. ఆవరణలో పురావస్తు మ్యూజియం ఉంది. ఛాయా సోమేశ్వరంలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదని దీన్ని వింతగా చెప్పుకుంటారు. మండపంలోకి నేరుగా ఎండ పడకుండా, పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుగే గర్భగుడికి చేరేలా స్తంభాలను అమర్చడం వల్ల, వాటి నీడలు ఒకదానిపై ఒకటి పడి ఒక్క నీడగా కనబడుతున్నాయి. ఈ సంగతి తెలిశాక నాకు ఆ గుడి మీద గౌరవం రెట్టింపైంది. అక్కడి ఉదయసముద్రం చెరువులోకి ఇప్పుడు సాగర్ జలాలు వస్తున్నాయి.

ఫణిగిరిది మూడో రకం ప్రయాణం. సూర్యాపేట జిల్లాలోని ఈ కొండ మీద 1941 నుంచి 1944 వరకు ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తొలి తవ్వకాలు జరిపారు. 2000 తరవాత మళ్లీ జరిగిన తవ్వకాలలో బౌద్ధ తోరణ దూలాలు బయటపడ్డాయి. వాటిలో రెండు వైపులా సన్నని చెక్కడాలున్న ఒక దూలం 2023లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారత బౌద్ధకళా ప్రదర్శనకు వెళ్లి వచ్చింది. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ప్రపంచం చూసిన తోరణాన్ని ఫణిగిరి బడిపిల్లలు తమ ఊళ్లోనే చూడగలగాలి. తవ్విన చోటనే మంచి మ్యూజియం, కాపలా, సరైన వెలుగు ఉండాలన్న కోరిక అత్యాశ కాదు. పానగల్లు, అలంపూర్ చిన్న మ్యూజియాలు దాన్ని రుజువు చేస్తూనే ఉన్నాయి.

ఎవరూ కదిలించలేని రాళ్లు నారాయణపేట జిల్లా ముడుమాలలో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున పొలాల మధ్య, మనిషికి రెండింతలు ఎత్తున్న నిలువురాళ్లు బృహత్ శిలాయుగం నుంచి నిలబడి ఉన్నాయి. ఒక బండ మీద చిన్న గుంటలతో సప్తర్షి మండలాన్ని గుర్తించారని పరిశోధకులు చెబుతున్నారు. 2025లో ముడుమాల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ జాబితాలో పేరు ఉండటమంటే గుర్తింపు వచ్చినట్టు కాదు. పూర్తి ప్రతిపాదన సిద్ధం కావాలి, చుట్టూ ఉన్న భూమికి రక్షణ దొరకాలి, ఇప్పటికే దున్నకంలో పోయిన చిన్న రాళ్ల వరుసలను గుర్తించి నమోదు చేయాలి, పొలం గట్ల మీదుగా వెళ్లేవారికి దారి, రైతుకు నష్టం లేని ఏర్పాటు రెండూ ఉండాలి. ప్రస్తుతం వెళ్లేవారు తెల్లవారుజామున వెళితే నీడలు పొడుగ్గా పడి వరుసలు స్పష్టంగా కనబడతాయి.