గూస్ బాతు గుడ్లు ఇంట్లో పొదిగించేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా ఇంట్లోనే చిన్న ఇంక్యుబేటర్ పెట్టుకుని గూస్ బాతు పిల్లలు తీస్తున్నాను. గుడ్లన్నీ పోయాయని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది కోడిగుడ్ల లెక్కే వీటికీ వేసినవాళ్లు. గూస్ గుడ్డు లెక్క వేరు.

అపోహ: మనది ఎండ సీమ, గాలిలో తేమ ఉండదు. ట్రేలో నీళ్లు ఎంత పోస్తే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువ పిల్లలు పోయేది ఇక్కడే. గుడ్డులో నీరు కొంత పెంకు గుండా ఆవిరైపోవాలి. అప్పుడే వెడల్పు వైపున ఉండే గాలి గది పెరుగుతుంది. పెంకు పగలగొట్టే ముందు పిల్ల తొలి ఊపిరి తీసేది ఆ గదిలోనే. మొదటి ఏడాది నేను తేమ 70 శాతం చూసి సంబరపడ్డాను. 33వ రోజు కదలిక లేని గుడ్డొకటి పగలగొట్టి చూస్తే లోపల పూర్తిగా ఎదిగిన పిల్ల, ఒంటినిండా తడి నూగు, ముక్కు చుట్టూ జిగట నీళ్లు. ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు మీటరు కంటే కాటానే నమ్ముతాను. మొదటిరోజే గుడ్డు మీద పెన్సిల్‌తో బరువు రాస్తాను. 150 గ్రాముల గుడ్డు వారానికి సుమారు 5 గ్రాములు తగ్గుతూ 28వ రోజుకు 130 దగ్గరికి రావాలి. తగ్గకపోతే నీళ్లు తీసేస్తాను, మరీ తగ్గిపోతుంటే పోస్తాను. 50-55 శాతం తేమతో మొదలుపెడతాను. 70 దాటించేది చివరి మూడు రోజులే.

అపోహ: ఉరుములకు గుడ్లు మురిగిపోతాయి.

మా అవ్వ కూడా గంపలో గుడ్ల మధ్య బొగ్గు, ఇనుప మేకు పెట్టేది. ఉరుము గుడ్డునేమీ చేయదు. వానతో పాటు కరెంటు పోయినా గంటా రెండు గంటలకు భయపడొద్దు, పెద్ద గుడ్డు వేడిని పట్టుకునే ఉంటుంది. మూత తీయకండి, గాలి రంధ్రాలు మూయకండి, అంతే. మన దగ్గర అసలు భయం ఎండే. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఇంక్యుబేటర్‌కు వేడి చేయడం తెలుసు గానీ చల్లబరచడం తెలియదు. 37.5 ఉండాల్సిన చోట 40 దాటితే కొన్ని గంటల్లోనే పిల్లలు పోతాయి. అందుకే మార్చి చివరికల్లా ముగిసేలా గుడ్లు పెడతాను, అదీ మిద్దెకింది చల్లని గదిలోనే.

అపోహ: మూత అసలు తెరవకూడదు.

తల్లి బాతు కూడా రోజూ లేచి మేతకు, నీళ్లకు పోతుంది కదా. 10వ రోజు నుంచి 26వ రోజు దాకా రోజుకోసారి పది, పదిహేను నిమిషాలు మూత తీసి గోరువెచ్చని నీళ్లు తుంపరగా చల్లుతాను. గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించి చూస్తాను. వేడిగానూ చల్లగానూ అనిపించకపోతే మూత వేసేస్తాను.

కోడిగుడ్ల ట్రేలో నిలబెట్టి కొంచెం వాలిస్తే గూస్ గుడ్డుకు చాలదు. అడ్డంగా పడుకోబెట్టి, ఒకవైపు గీత, రెండోవైపు సున్నా పెట్టుకుని రోజుకు ఐదుసార్లు చేత్తో సగానికి తిప్పండి. 27వ రోజున ఆపేయండి. మట్టి అంటిన గుడ్లను చన్నీళ్లతో కడగొద్దు, నీళ్లతో పాటు క్రిములూ లోపలికి పోతాయి. పొడిగుడ్డతో తుడిస్తే సరి.

అపోహ: 28 రోజులు దాటితే పారేయడమే. చిల్లు పడ్డాక పిల్ల రాకపోతే పెంకు ఒలిచి తీయాలి.

వాస్తవం: చాలా గుడ్లకు 30 రోజులు పడుతుంది, కొన్ని 32 దాకా పోతాయి. చిల్లు పడ్డాక కూడా ఒకటి, రెండు రోజులు ఆగాల్సిందే. ఆ సమయంలోనే పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది, పొరలోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకుంటుంది. తొందరపడి ఒలిస్తే రక్తం కారి చేతిలోనే పోతుంది. చిల్లులోంచి చూసినప్పుడు పొర మీద ఎర్రటి నరాలు కనిపిస్తుంటే మాత్రం గుడ్డును ముట్టుకోకండి.