పారాచూట్ రిగ్‌తో విమానం ఎక్కేవాళ్లకు: ఎయిర్‌పోర్ట్ చెకింగ్ మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, రిగ్‌ను సూట్‌కేసులో పెట్టి చెక్-ఇన్‌లో వేసేస్తా. ఎవరి కంటా పడకుండా పోతే గొడవే ఉండదు కదా?"

అనంతపురం, కర్నూలు, కడప నుంచి స్కైడైవింగ్ జంపింగ్‌కు బయల్దేరే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. రిగ్ అంటే వీపుకు తగిలించుకునే పారాచూట్ సెట్టు: హార్నెస్, మెయిన్ పారాచూట్, అది పనిచేయకపోతే వాడే రిజర్వ్ పారాచూట్. సగం మంది అప్పటికే సూట్‌కేసు జిప్పు వేసేసి ఉంటారు. అందుకే మిగతా అపోహల కంటే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: చెక్-ఇన్‌లో వేస్తే రిగ్ క్షేమంగా పోతుంది.

వాస్తవం: ఎవరి కంటా పడని బ్యాగంటూ ఎయిర్‌పోర్ట్‌లో ఉండదు. చెక్-ఇన్ బ్యాగు కూడా ఎక్స్‌రేలోంచే పోతుంది. తేడా ఒక్కటే. చేతిలో ఉన్న బ్యాగును ఆపితే పక్కన మీరుంటారు. చెక్-ఇన్ బ్యాగును ఆపితే ఉండరు.

స్క్రీన్ మీద రిగ్ ఎలా కనిపిస్తుందో ఒకసారి ఊహించండి. మధ్యలో చుట్టలు చుట్టుకున్న స్ప్రింగు, అది రిజర్వ్‌ను బయటికి లాగే చిన్న పారాచూట్, అంటే పైలట్ చూట్‌ది. స్టీలు కేబుల్, దాని చివర పిన్ను. భుజాల దగ్గర ఒకదాంట్లో ఒకటి దూరిన రింగులు. వీటి పక్కనే చిన్న పెట్టె, అందులో బ్యాటరీ, పెట్టెలోంచి బయల్దేరిన వైరు, ఆ వైరు చివర వేలెడంత కూడా లేని లోహపు గొట్టం. మనకు అది ఏఏడీ (గాల్లో జంపర్ రిజర్వ్ తెరవకపోతే దానంతటదే తెరిచే పరికరం), దాని కట్టర్. పారాచూట్ ఎప్పుడూ చూడని మనిషికి మాత్రం అది బ్యాటరీ, వైరు, గొట్టం. అలాంటిది కనిపిస్తే ఆపడమే వాళ్ల ఉద్యోగం. ఆపారని కోపం తెచ్చుకోవడంలో అర్థం లేదు.

బ్యాగు తెరవాల్సి వస్తే ప్రయాణికుణ్ణి పిలుస్తారు, నిజమే. కానీ అప్పటికి మీరు సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చుని ఉంటారు. పిలుపు వినపడాలి, మీరు వెనక్కి రావాలి, విమానం టైము ముంచుకొస్తుంటుంది. ఆ కంగారులో ఎవరో ఒకరు హార్నెస్ ఎడమవైపున్న హ్యాండిల్ పట్టుకుని "ఇదేంది" అని లాగితే చాలు. రిజర్వ్‌ను మూసి ఉంచే దారపు లూప్‌లోంచి పిన్ను జారుతుంది, అణిగి ఉన్న స్ప్రింగు పైలట్ చూట్‌ను ఒక్క ఊపున బయటికి తంతుంది, రిగ్గర్ (రిజర్వ్‌ను తనిఖీ చేసి ప్యాక్ చేసే మనిషి) వేసిన ఎర్ర దారం, సీసపు సీలు తెగిపోతాయి.

"పోనీలే, మళ్లీ మడిచి పెట్టుకోవచ్చు కదా" అంటారు. మెయిన్ అయితే మడుచుకోవచ్చు. చేయి తిరిగినవాళ్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో ప్యాక్ చేస్తారు. రిజర్వ్ అలా కాదు. లైసెన్సున్న రిగ్గర్ బట్టనంతా పరచి చూడాలి, లైన్లు చూడాలి, లూప్ చూడాలి, మడిచి ఫ్రీబ్యాగ్ అనే లోసంచిలో పెట్టి మూసి సీలు వేయాలి, డేటా కార్డులో సంతకం చేయాలి. కొన్ని గంటల పని. రిగ్గర్ వీధి చివర దొరికే మనిషి కాడు. జంపింగ్ జరిగే డ్రాప్‌జోన్ ఉన్న హర్యానాలోని నార్నౌల్ దాకా పోయినా, సీలు తెగిన రిజర్వ్‌తో జంపు విమానం ఎవరూ ఎక్కనివ్వరు. టికెట్టు డబ్బు, జంపుల డబ్బు, పెట్టిన సెలవులు అన్నీ పోయినట్టే. అమెరికాలో రిజర్వ్ రీప్యాక్ గడువు 180 రోజులు. నిన్ననే రీప్యాక్ చేయించినా సరే, హ్యాండిల్ ఒక్కసారి లాగితే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి వీలైతే రిగ్ చేతిలోనే ఉండాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మన దేశీయ విమానాల్లో ఎకానమీ క్యాబిన్ బ్యాగుకు మామూలుగా 7 కిలోలే. స్పోర్ట్ రిగ్ 8 నుంచి 12 కిలోల దాకా తూగుతుంది. ఓర్వకల్లు నుంచి, కడప నుంచి ఎక్కువగా ఎగిరేవి చిన్న ఏటీఆర్‌లు, వాటిలో తల మీది అరలు ఇరుకు. టికెట్టు తీసిన రోజే ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెట్టండి. రిగ్ బరువు, పొడవు, వెడల్పు, మందం రాసి, ఏఏడీ ఉన్న స్పోర్ట్ పారాచూట్ అని చెప్పి, చేతిలో తేవచ్చో లేదో రాతపూర్వకంగా జవాబు అడగండి. ఫోన్లో ఎవరో "సరే" అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు. హెల్మెట్, జంప్‌సూట్, బూట్లు చెక్-ఇన్‌కు పంపేస్తే చేతిలో రిగ్ ఒక్కటే మిగులుతుంది. ఏటీఆర్‌లో కుదరదంటే అనంతపురం వాళ్లు దేవనహళ్లికి, కర్నూలు వాళ్లు శంషాబాద్‌కు రోడ్డు మీద పోయి పెద్ద విమానం ఎక్కడం మేలు.

ఎంత అడిగినా ఒప్పుకోకపోతే చెక్-ఇన్ తప్పదు. అప్పుడు రిగ్‌కు వేరే బ్యాగు పెట్టండి, బట్టల మధ్య కుక్కొద్దు. హ్యాండిళ్లు లోపలివైపుకు వచ్చేలా హార్నెస్ మడిచి, లెగ్ స్ట్రాప్‌లు దోపేయండి. జిప్పు తీయగానే కనపడేలా ఇంగ్లీషులో, హిందీలో పెద్ద అక్షరాలతో ఒక కాగితం పెట్టండి. ఇది పారాచూట్, ఏ హ్యాండిలూ లాగవద్దు, తెరిచే ముందు యజమానిని పిలవండి, ఫోన్ నంబరు ఇది. ఆ విషయమే కౌంటర్‌లో నోటితో కూడా చెప్పండి. బ్యాగు బెల్టు మీద పోగానే గేటుకు పరుగెత్తకుండా పదిహేను, ఇరవై నిమిషాలు కౌంటర్ దగ్గరే ఆగి, స్క్రీనింగ్ అయిందా అని అడిగి కదలండి.

చేతిలో తీసుకుపోయేటప్పుడు ట్రేలో పెట్టకముందే చెప్పాలి, బీప్ మోగాక కాదు. "సార్, ఇది పారాచూట్. లోపల రిజర్వ్ తెరిచే సేఫ్టీ పరికరం ఉంది. కార్డు ఇదిగో. విప్పాలంటే నేనే విప్పి చూపిస్తాను." ఇంతే. కార్డు అంటే ఏఏడీ కంపెనీవాళ్లు ఇచ్చే ఎక్స్‌రే బొమ్మ కార్డు. సైప్రెస్ అనే ఏఏడీకి ఉంది. స్క్రీన్ మీద కనిపించే పెట్టె, వైరు, గొట్టం ఏమిటో అందులో చూపించి ఉంటుంది. దాన్ని సూట్‌కేసు అడుగున కాదు, చొక్కా జేబులో పెట్టుకోండి. పక్కన లైసెన్సు, రిజర్వ్ డేటా కార్డు కాపీ ఉండాలి. మామూలుగా వచ్చే టైము కంటే కనీసం అరగంట ముందు రండి.

గొట్టంలో ఏముందని అడిగితే దాచొద్దు. కట్టర్‌లో చిటికెడు పేలుడు మందుంటుంది. అది చిన్న కత్తిని తోస్తుంది, కత్తి రిజర్వ్ లూప్‌ను తెంపుతుంది, అంతా మూసిన గొట్టం లోపలే జరుగుతుంది, బయటికేమీ రాదు. అబద్ధం చెప్పి దొరికితే మిగతా నిజాలు కూడా నమ్మరు. "బాంబు" అన్న మాట మాత్రం సరదాకు కూడా నోట రాకూడదు.

లోపల చూడాలని పట్టుబడితే ముందు మెయిన్ విప్పి చూపండి, చాలామంది అక్కడితో తృప్తి పడతారు. రిజర్వే తెరవాలంటే వాదించకండి, పై అధికారిని పిలిపించమని మర్యాదగా అడగండి. అప్పటికీ తప్పదంటే పిన్ను మీ చేత్తో తీసి, పైలట్ చూట్‌ను అరచేత్తో అదిమి పట్టుకుని మెల్లగా వదలండి. ఫ్రీబ్యాగ్‌ను బయటికి లాగనివ్వకండి, విడిపోయిన ముక్కలన్నీ అదే బ్యాగులో వేసి నేరుగా రిగ్గర్ దగ్గరికి పోండి.

అపోహ: ఏఏడీ ఆన్ చేసి చూపిస్తే పనిచేసే పరికరమని నమ్ముతారు.

వాస్తవం: ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. ఆన్ చేసిన చోటునే ఏఏడీ నేలగా లెక్కేసుకుంటుంది. కడప సముద్రమట్టానికి దాదాపు 138 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం దాదాపు 335 మీటర్లు. సైప్రెస్‌లో ఎక్స్‌పర్ట్ అనే రకం నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తున కట్టర్‌ను పేలుస్తుంది. కడపలో ఆన్ చేసి అనంతపురం ఎత్తున్న చోట దూకితే, దాని లెక్కలో నేల దాదాపు 200 మీటర్లు కింద ఉన్నట్టు. కట్టర్ పేలేసరికి నిజమైన నేల ముప్పై మీటర్ల లోపే ఉంటుంది. ఆ ఎత్తులో రిజర్వ్ విచ్చుకోదు. ప్రయాణమంతా ఆఫ్‌లో ఉండాలి, డ్రాప్‌జోన్ నేల మీద నిలబడి ఆన్ చేయాలి.

అపోహ: ఆఫ్ చేయడం మరిచిపోతే గాల్లో దానంతటదే పేలుతుంది.

వాస్తవం: విమానం దిగేటప్పుడు క్యాబిన్ గాలి ఒత్తిడి నిమిషానికి 300 నుంచి 500 అడుగులు దిగినంత మెల్లగా మారుతుంది. ఏఏడీ పేలాలంటే సెకనుకు 35 మీటర్ల వేగం, అంటే నిమిషానికి 6,900 అడుగులు కావాలి. భయపడాల్సింది లేదు. అలాగని ఆన్‌లో వదిలేయమని కాదు.

అపోహ: ఎక్స్‌రే తగిలితే నైలాన్ పాడవుతుంది, ఏఏడీ లెక్క తప్పుతుంది.

వాస్తవం: రెండూ జరగవు. నైలాన్‌ను తినేది ఎండ. ఏఏడీకి వేడి పడదు, సైప్రెస్ పనిచేసే హద్దు 63 డిగ్రీలు. మే నెలలో గుత్తి దగ్గర కారు ఎండలో నిలిపి భోజనానికి కూర్చున్నారనుకోండి, ఎక్స్‌రే కంటే మూసిన డిక్కీ గురించి దిగులు పడాలి.

అపోహ: అమెరికాలో ఒప్పుకున్న కాగితం చూపిస్తే ఇక్కడా ఒప్పుకోవాలి.

వాస్తవం: అక్కడి ఎయిర్‌పోర్ట్ భద్రతా సంస్థ టీఎస్‌ఏ, ఏఏడీ ఉన్నా లేకున్నా పారాచూట్‌ను చేతిలో, చెక్-ఇన్‌లో రెండింటా ఒప్పుకుంటుంది, తెరవాలంటే యజమాని పక్కన ఉండాలంటుంది. ఇక్కడ నడిచేవి మన విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నియమాలు, ఆఖరి మాట డ్యూటీలో ఉన్నవాళ్లది. టీఎస్‌ఏ పేజీ కాపీ ఉంటే అర్థం చెప్పడానికి పనికొస్తుంది, అధికారం చూపడానికి కాదు. దుబాయ్, దోహా మీదుగా వచ్చేవాళ్లకు అక్కడ మరోసారి చెకింగ్ ఉంటుంది, కార్డు మళ్లీ తీయాలి. రిగ్‌తో విదేశం పోయేవాళ్లు వెళ్లేటప్పుడే కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు సుంకం మాట రాదు.

మిగతావి గబగబా. పారాచూట్‌లో గ్యాస్ సిలిండర్ ఉండదు, తెరిచేది గాలే. హుక్ నైఫ్ (తాళ్లు కోసే చిన్న కత్తి) హార్నెస్‌కు తగిలించి మరిచిపోతారు, ముందురోజే తీసి చెక్-ఇన్‌లో వేయండి. సీసం వెయిట్ బెల్టూ అక్కడికే. కెమెరా స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతిలోనే ఉండాలి. స్మోక్ ఫ్లేర్లు ఎక్కడా ఒప్పుకోరు. పారాచూట్ ఉంది కదా అని ఎవరూ విమానం తలుపు తీసి దూకలేరు, పైన గాలి ఒత్తిడికి ఆ తలుపు మనిషి బలంతో తెరుచుకోదు.

ఇంట్లో పెద్దవాళ్ల దిగులు వేరు. "పట్టుకుంటే మావాడి మీద కేసు పెడతారా?" అని అడుగుతారు. లేదమ్మా. పారాచూట్ మోసుకురావడం నేరం కాదు. మహా అయితే ఈ విమానంలో దీన్ని ఎక్కనివ్వం అంటారు. అందుకని దింపడానికి వచ్చిన నాన్నో, తమ్ముడో, కారు డ్రైవరో వెంటనే తిరుగు ప్రయాణం పట్టకుండా, లోపలినుంచి "సెక్యూరిటీ అయిపోయింది" అని ఫోన్ వచ్చేదాకా టెర్మినల్ బయటే ఉండాలి. ఒప్పుకోకపోతే రిగ్‌ను వాళ్ల చేతికిచ్చి ఇంటికి పంపొచ్చు. ఆ జంపులకు డ్రాప్‌జోన్‌లోనే రిగ్ అద్దెకు దొరుకుతుందేమో ముందే కనుక్కుని పెట్టుకోండి.